ఎక్స్ఛేంజ్ మీద గోవా వెళ్తున్నారా? గది సంగతి ముందే తేల్చుకోండి

దక్షిణ గోవా రిసార్టులో మాకు ముందు ఇచ్చిన గది కిటికీ తీస్తే ఎదురుగా జనరేటర్ షెడ్డు, పక్కనే వంటింటి ఎగ్జాస్ట్ గొట్టం. పైగా రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మా అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. ఆవిడ మెట్ల దగ్గర సూట్‌కేసు పక్కన కూర్చుని, "అమ్మాయ్, నేనిక్కడే ఉంటా. మీరు పైకెళ్లి సముద్రం చూసి రండి" అన్నారు. వెటకారమో నీరసమో తెలియలేదు. కూకట్‌పల్లి మాల్‌లో గిఫ్ట్ వోచర్ తగిలిందని పిలిచి అంటగట్టిన టైమ్‌షేర్ సభ్యత్వం ఇది: ఏటా ఒక రిసార్టులో మనకో వారం ఉంటుంది, దాన్ని ఎక్స్ఛేంజ్ కంపెనీకి ఇచ్చి బదులుగా ఇంకో రిసార్టులో వారం తీసుకోవచ్చు. అప్పుడు ముచ్చటపడి సంతకం పెట్టిన మా వారు ఇప్పుడు ఫోన్‌లో తల దూర్చేశారు.

కింద రిసెప్షన్‌లో కుర్రాడు నవ్వు చెరగకుండా చెప్పాడు: "ఎక్స్ఛేంజ్ గెస్టులకి ఈ బ్లాకే మేడమ్. హౌస్ ఫుల్."

ఇక్కడే నాకు ఒళ్లు మండింది. మోకాళ్ల సంగతి, కింది అంతస్తు కావాలన్న సంగతి బుకింగ్ రోజే ఎక్స్ఛేంజ్ కంపెనీ హెల్ప్‌లైన్‌కి చెప్పాను. "నోట్ చేశాం మేడమ్" అన్నారు. ఎక్కడ నోట్ చేశారో చూద్దామని, గదులు కేటాయించేది ఎవరని అడిగాను. కుర్రాడు లోపలి గది చూపించాడు. అక్కడ రిజర్వేషన్లు చూసే ఆవిడ ముందు పెద్ద ప్రింటవుట్ ఉంది. పసుపు గీతలు రిసార్టు సొంత సభ్యులవి, గులాబీ గీతలు ఎక్స్ఛేంజ్ మీద వచ్చినవాళ్లవి. గులాబీవన్నీ కట్టగట్టినట్టు అడుగునే ఉన్నాయి. మా పేరు ఎదురుగా రిమార్కుల గడి ఖాళీ. హెల్ప్‌లైన్ వాళ్ల నోట్ హెల్ప్‌లైన్‌లోనే ఉండిపోయింది!

నేను గొడవ పెట్టుకోలేదు, అప్‌గ్రేడ్ మాటే ఎత్తలేదు. మాది స్టూడియో, అంటే విడిగా పడగ్గది లేని ఒకే గది. "స్టూడియోకి స్టూడియోనే ఇవ్వండి. కింది అంతస్తు కావాలి, జనరేటర్‌కి దూరంగా ఉండాలి. రేపు ఏవి ఖాళీ అవుతున్నాయో ఒకసారి చూస్తారా?" అన్నాను. ఆవిడ పెన్సిల్‌తో కిందికీ పైకీ వెతికి, ఆదివారం పదకొండింటికి ఖాళీ అయ్యే గది ఒకటి ఉందంది. అక్కడే మా పేరు రాయించుకున్నాను. ఆ రాత్రి మాత్రం అత్తయ్యని చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించాం. కరెంటు పోయినప్పుడల్లా ఆ జనరేటర్ మోత, కింది నుంచి చేపల వేపుడు వాసన. శాకాహారి అయిన ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పడుకున్నారు.

మర్నాడు ఇచ్చిన గది మాత్రం బంగారం. గుమ్మం దాటితే పచ్చిక, నాలుగడుగుల్లో ఈత కొలను. ఛార్జీ అదే, సైజూ అదే. అత్తయ్య కుర్చీ బయటకి లాక్కుని కూర్చున్నాక మా వారి నోట మాట మొదలైంది.

అసలు చిక్కు ఏమిటంటే, ఎక్స్ఛేంజ్ కన్ఫర్మేషన్ మీద గది గురించి ఉండేది సైజు, ఎందరికి సరిపోతుందో, కిచెన్ ఏ రకమో, అంతే. ఎటువైపు ఉంటుందో, ఎన్నో అంతస్తో అందులో ఉండదు. 4/2 అని ఉంటే నలుగురు పడుకోవచ్చు గానీ, హాయిగా, చాటుగా ఉండేది ఇద్దరే అని అర్థం. మిగతా ఇద్దరికీ సోఫా బెడ్డే గతి. కిచెన్ 'పార్షియల్' అని ఉంటే గ్యాసు పొయ్యి మీద ఆశ వదులుకోండి. మాకు దొరికింది మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్, కెటిల్. మైక్రోవేవ్‌లో అన్నం, ఇంటి నుంచి తెచ్చిన కందిపొడి, ఆవకాయ, ప్యాకెట్ పెరుగు: అత్తయ్యకి పూట గడిచిపోయింది.

మీరు ఎక్స్ఛేంజ్ కంపెనీకి ఇచ్చిన (డిపాజిట్ చేసిన) వారం ఏ సీజన్‌దో, ఎంత పెద్ద గదో, ఎంత ముందుగా ఇచ్చారో అన్నదాన్ని బట్టి మీకు కనిపించే రిసార్టులు మారతాయి. కానీ అక్కడికి చేరాక ఆ పలుకుబడి పనిచేయదు. ఆర్‌సీఐ అనే ఎక్స్ఛేంజ్ కంపెనీ 1974లో అమెరికాలో మొదలైనప్పటి నుంచీ ఈ వ్యాపారం నడిచేది మీ వారానికి ఇంకొకరి వారం అనే లెక్క మీద. కిటికీ ఎటు తెరుచుకుంటుందో ఆ లెక్కలోకి రాదు. చాలా రిసార్టుల్లో సొంత సభ్యులకి ఇచ్చాకే మన వంతు. ఇది అన్యాయమని నేననను, ఏటా మెయింటెనెన్స్ కట్టేది వాళ్లు. కానీ మిగిలిన గదుల్లోనూ మంచివీ చెడ్డవీ ఉంటాయి కదా!

అందుకని ప్రయాణానికి వారం ముందు నేరుగా రిసార్టు రిజర్వేషన్ వాళ్లకే మెయిల్ పెట్టండి. కన్ఫర్మేషన్ నంబరు, వచ్చే టైము, ఒకటో రెండో కోరికలు, వాటికి కారణం రాయండి. "మంచి గది ఇవ్వండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "మెట్లు ఎక్కలేని పెద్దావిడ ఉన్నారు, కింది అంతస్తు కావాలి" అంటే గడిలో రాసుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. రెండు రోజుల ముందు ఫోన్ చేసి, రాశారో లేదో అడగండి.

ప్రయాణం సాఫీగానే సాగింది. 2024లో మొదలైన సికింద్రాబాద్-వాస్కో రైల్లో శుక్రవారం పొద్దున్న ఎక్కి, మర్నాడు తెల్లారకముందే మడ్‌గావ్‌లో దిగాం. రిసార్టుకి టాక్సీ ₹900 తీసుకున్నాడు, బేరం లేదు. చెకిన్ మూడింటికి. అయినా పొద్దున్నే వెళ్లి పేరు నమోదు చేయించుకోండి, క్యూలో ముందుంటారు. యుటిలిటీ ఛార్జీ అని రోజుకి ₹350 వేశారు, కన్ఫర్మేషన్ కింద చిన్న అక్షరాల్లో ఉంది. రిసార్టు బఫే మనిషికి ₹850, పన్ను అదనం. ఉప్పూ కారం లేని ఆ పనీర్‌కి అంతా? బెనౌలిం రోడ్డు మీద చేపల థాలీ ₹220, మా వారు రెండో ప్లేటు కూడా చెప్పారు.

ఇంకో మాట. మూడో రోజు ఒకతను వచ్చి, సముద్రం కనిపించే సూట్‌కి మారుస్తామని, సభ్యత్వాలు అమ్మే తొంభై నిమిషాల ప్రెజెంటేషన్‌కి వస్తే చాలని అన్నాడు. మా వారు అప్పుడే చెప్పులు వేసుకుంటున్నారు. "గది ఏ తేదీ నుంచి మారుస్తారో కాగితం మీద రాసివ్వండి" అన్నాను. సార్‌ని అడిగి వస్తానని వెళ్లినవాడు మళ్లీ కనిపించలేదు. మీరూ అదే అడగండి, రాసివ్వకపోతే కదలకండి.