లోయర్ యూనిట్ మనమే విప్పాలా, మెకానిక్‌కి ఇవ్వాలా: ఉప్పునీళ్లలో ఏది మేలు?

ఏప్రిల్ దగ్గరపడుతోందంటే నాకు ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. "అన్నా, ఈసారి లోయర్ యూనిట్ మేమే విప్పుకోమంటావా, మెకానిక్‌కి ఇచ్చేయమంటావా?" తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చెన్నైలోని కాసిమేడు హార్బరులో మరపడవలన్నీ ఆగి రిపేర్లకు ఎక్కుతాయి. ఆ సందడిలో చిన్న ఫైబర్ పడవలవాళ్లకూ, కోవళం, ఎన్నూరు, పులికాట్ వైపు సెలవురోజుల్లో గాలం వేయడానికి వెళ్లేవాళ్లకూ పడవ వెనక తగిలించే తమ ఔట్‌బోర్డ్ మోటారు గుర్తొస్తుంది. దానిలో నీళ్లలో మునిగే కింది భాగమే లోయర్ యూనిట్, నీళ్ల పంపు, గేర్ల పెట్టె (గేర్ కేస్), ప్రొపెల్లర్ ఉండేది అందులోనే. అడిగినవాళ్లందరికీ కలిపి ఇక్కడే జవాబు రాస్తున్నాను. నేను చెప్పేది 9.9, 15, 25 హార్స్ పవర్ లాంటి చిన్న మోటార్ల గురించి. పెద్దవాటి లోయర్ యూనిట్ ఒక్కరు పట్టుకుని దించగలిగే బరువు కాదు, వాటి లెక్క వేరు.

అసలు విప్పకుండా నెట్టుకొచ్చేవాళ్లున్నారు. ఆ దారి గురించి రెండు మాటలు చాలు. గేర్ ఆయిల్ మార్చడానికి లోయర్ యూనిట్ దించక్కర్లేదు, నిజమే. మంచినీళ్లతో మోటారు కడగడానికీ అక్కర్లేదు. కానీ ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు తోడే రబ్బరు రెక్కల చక్రం అయిన ఇంపెల్లర్‌ను కంటితో చూడాలంటే దించక తప్పదు. ఇంజిన్ పక్కనుంచి నీళ్లు బాగానే చిమ్ముతున్నాయి కదా అని ఏళ్ల తరబడి వదిలేస్తే, ఒకరోజు రబ్బరు రెక్క తెగి ఆ ముక్క నీటి దారుల్లోకి పోతుంది. అప్పుడు ఇంపెల్లర్ మార్చినా సరిపోదు, ఆ ముక్క ఎక్కడ ఇరుక్కుందో వెతకాలి. ఈ దారి వద్దు.

ఇక మిగిలినవి మూడు. మోటారు మొత్తం మెకానిక్‌కు అప్పగించడం, అన్నీ మనమే చేసుకోవడం, లేదా మనమే విప్పి లోయర్ యూనిట్ ఒక్కదాన్నే మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్లడం.

మెకానిక్ వైపు బలాలు చిన్నవేం కాదు. లోపలికి నీరు చేరకుండా ఆపే రబ్బరు సీళ్లను లాగే పుల్లర్, గేర్ కేస్‌లోకి గాలి కొట్టి లీకు చూసే పంపు, విరిగిన బోల్టును డ్రిల్ చేసి తీసి కొత్త మర వేసే చెయ్యి, ఇవన్నీ అతని దగ్గర ఉంటాయి. మోటారు ఇంకా వారంటీలో ఉంటే మరో ఆలోచన పెట్టుకోకుండా కంపెనీ సర్వీసుకే ఇవ్వండి. కూలి డబ్బు విషయంలో నేను బేరం ఆడను, నేర్చుకున్న పనికి ఇచ్చే డబ్బు అది. మనం సొంతంగా చేసుకుంటే కొంత మిగులుతుంది, కానీ మొదటి ఏడాది సాకెట్ సెట్టు, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచి, మంచి గ్రీజు కొనేసరికి ఆ మిగులు ఖర్చయిపోతుంది. కాబట్టి డబ్బు చూసుకుని ఎటూ తేల్చుకోకండి.

నా మటుకు తేల్చేది ఒక్కటే. బోల్టులు.

లోయర్ యూనిట్‌ను పట్టి ఉంచేవి నాలుగైదు స్టెయిన్‌లెస్ బోల్టులు. అవి దిగేది అల్యూమినియంలోకి. ఈ రెండు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే చిన్న బ్యాటరీ తయారైనట్టే, అందులో తినబడేది అల్యూమినియం. అలా తినబడి తెల్లటి పొడి అవుతుంది. ఆ పొడి ఆక్రమించే చోటు అసలు లోహం కంటే ఎక్కువ, అందుకే అది మరల మధ్య గట్టిగా కూరుకుపోయి బోల్టును పట్టేస్తుంది. ఏడాదిలో పట్టిన పొడి పానాకు లొంగుతుంది. నాలుగేళ్లు పట్టినది లొంగదు, బోల్టు తల తెగి మీ చేతికొస్తుంది. మంచినీటి చెరువులో తిరిగే మోటారుకు ఈ బాధ ఇంత ఉండదు. మన చెన్నైలో సముద్రమో, ఉప్పుకయ్యో తప్ప వేరే నీళ్లు ఎక్కడున్నాయి?

అంటే ఇంపెల్లర్ బాగున్నా సరే, బోల్టును ఏటా ఒకసారి విప్పి, మరలు బ్రష్షుతో తోమి, మెరైన్ గ్రీజు పూసి మళ్లీ ఎక్కించడమే ఇక్కడ అసలు మెయింటెనెన్స్. మిగతావన్నీ ఆ రోజు పనిలో పనిగా అయ్యేవి. ఈ కొలతతో చూడండి. మెకానిక్ ఇంపెల్లర్ మార్చాడని పాత ఇంపెల్లర్ చూపిస్తే తెలుస్తుంది. బోల్టు మరలకు గ్రీజు పూశాడో లేదో ఎలా తెలుస్తుంది? బిగించాక బయట ఏమీ కనబడదు. సీజన్ రద్దీలో పది మోటార్లు వరసలో ఉన్నప్పుడు మొదట తగ్గిపోయే పని ఇదే. ఆ లోటు అప్పుడే బయటపడదు, రెండు మూడేళ్ల తర్వాత బోల్టు విరిగినప్పుడు బయటపడుతుంది. అప్పటికి ఎవరు విప్పారో, ఎవరు బిగించారో ఎవరికీ గుర్తుండదు. మన చేత్తో చేస్తే ఈ టెన్షన్ లేదు. నేను మొగ్గేది ఇందుకే.

మీ మోటారు మీరు విప్పదగినదో కాదో తెలుసుకోవడానికి పని మొదలుపెట్టే ముందే ఒక పరీక్ష ఉంది. ముందురోజు సాయంత్రం బోల్టుల చుట్టూ తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. మర్నాడు ఆరు మూలల సాకెట్ వేయండి, పన్నెండు మూలలది తలను అరగదీస్తుంది. జపాను మోటార్లయితే తలలు ఎక్కువగా 10, 12, 14 సైజుల్లోనే ఉంటాయి. నేరుగా విప్పకుండా ముందు వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పండి, తర్వాత విప్పే వైపు. కిర్రుమని చిన్న శబ్దంతో కదిలితే మీ పని సులువు. అలా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తీయండి. కదలకపోతే హాట్ ఎయిర్ గన్‌తో బోల్టు చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి చేయండి. అది స్టీలు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు వదులుతుంది. పెట్రోలు ట్యాంకు, పైపు దూరంగా తీసేశాకే ఈ పని. అప్పటికీ కదలకపోతే, లేదా పానా కింద బోల్టు మెత్తగా సాగుతున్నట్టు అనిపిస్తే అక్కడే ఆపేయండి. పానాకు పైపు తొడిగి బలం చూపించొద్దు. విరగని బోల్టుతో మెకానిక్ దగ్గరికి వెళ్లడం వేరు, విరిగిన బోల్టుతో వెళ్లడం వేరు. ఇలాంటి మోటారుకు ఈ ఏడాది మెకానిక్కే మేలు. అన్నింటికీ గ్రీజు పూయించుకుని, వచ్చే ఏడాది నుంచి మీరు మొదలుపెట్టండి.

బోల్టులు కదిలాయంటే మిగతాది ఓపిక పని. స్పార్క్ ప్లగ్ వైర్లు తీయడం మరవొద్దు. ప్రొపెల్లర్ చేత్తో తిప్పుతుండగా ఇంజిన్ ఒక్క పట్టు పట్టినా వేళ్లు పోతాయి. ప్రొపెల్లర్ పైన చిన్న రెక్కలా ఉండే ట్రిమ్ ట్యాబ్ ఉన్న మోటార్లలో అది విప్పే ముందు ఏ కోణంలో ఉందో మార్కర్‌తో గీత పెట్టుకోండి. చాలా మోడళ్లలో దాని కింద ఒక బోల్టు దాక్కుని ఉంటుంది. కనబడే బోల్టులన్నీ తీసి, ఇంకా రావడం లేదని అతుకు సందులో స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పేవాళ్లంతా ఈ బోల్టును మరిచినవాళ్లే. అలా తిప్పితే అతుకు కూర్చునే అంచు గాటుపడుతుంది. రబ్బరు సుత్తితో అటూ ఇటూ తడితే చాలు.

గేర్ మార్చే కడ్డీ, అంటే గేర్ రాడ్ దగ్గర మాత్రం నిదానించండి. కొన్ని మోటార్లలో అది నట్టుతో కలిపి ఉంటుంది, కొన్నింటిలో స్ప్లైన్‌లో, అంటే పళ్లున్న గాడిలో ఊరికే కూర్చుంటుంది. నట్టు ఉన్నదైతే పైకి ఎన్ని మరలు కనిపిస్తున్నాయో లెక్కపెట్టి ఫోనులో ఫొటో తీసుకోండి. మళ్లీ అదే లెక్కకు కలపకపోతే గేరు సగమే పడుతుంది, పళ్లు అరుగుతాయి. ఏ గేరులో ఉంచి దించాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది, అది మాత్రం మీ మాన్యువల్ చూసే చేయండి.

దించాక పంపు మూత తీసి ఇంపెల్లర్ చూడండి. రెక్కలు ఒకే వైపు వంగి అలాగే ఉండిపోయాయంటే పగుళ్లు లేకపోయినా మార్చేయాలి. ఏడాదికోసారి, లేదా 100 గంటలకోసారి చూడమని చాలా కంపెనీలు చెబుతాయి. మన దగ్గర ఇసుక, బురద ఎక్కువ, కాబట్టి చూసి ఊరుకోకుండా ఏటా కొత్తదే వేయమంటాను. ఇంపెల్లర్‌ను షాఫ్టుకు పట్టి ఉంచే 'కీ' అనే చిన్న లోహపు ముక్క ఇసుకలో పడితే దొరకదు, కింద తెల్ల గుడ్డ పరవండి. కొత్తది ఎక్కించేటప్పుడు షాఫ్టును ఇంజిన్ తిరిగే వైపే, ఎక్కువ మోటార్లలో అది పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు, తిప్పుతూ దించండి. వెనక్కి తిప్పొద్దు.

ఎక్కించేటప్పుడు మూడు చూసుకోవాలి. డ్రైవ్ షాఫ్టు స్ప్లైన్ పళ్లకు గ్రీజు పూయాలి, కొసన మాత్రం పూయొద్దు, అది పైన ఇంజిన్ క్రాంక్ షాఫ్టులో కూరుకుని షాఫ్టు పూర్తిగా కూర్చోదు. నీటి గొట్టం పంపు మీది రబ్బరులోకి సూటిగా దిగిందో లేదో టార్చి వేసి చూడండి. అది తప్పితే కొత్త ఇంపెల్లర్ కూడా ఇంజిన్‌కు చుక్క నీరివ్వదు. స్ప్లైన్ కలవకపోతే బోల్టులతో బిగించి లాగొద్దు, గేరులో పెట్టి ప్రొపెల్లర్ షాఫ్టును కొంచెం తిప్పితే దానంతటది కూర్చుంటుంది. బోల్టులను మాన్యువల్ చెప్పిన టార్క్‌కే బిగించండి. తర్వాత ముందు, న్యూట్రల్, రివర్స్ మూడూ పడుతున్నాయో చేత్తో చూసి, నీళ్ల డ్రమ్ములో ముంచి స్టార్ట్ చేయండి. నీళ్లు లేకుండా కొన్ని సెకన్లు తిప్పినా కొత్త ఇంపెల్లర్ దెబ్బతినొచ్చు.

మూడో దారి ఎప్పుడు పనికొస్తుందో గేర్ ఆయిలే చెబుతుంది. కింది స్క్రూ విప్పి, తర్వాత పై స్క్రూ వదులు చేస్తే ఆయిల్ దిగుతుంది. అది మజ్జిగలా తెల్లబడి వస్తే లోపలికి నీరు చేరుతోందన్నమాట. చాలాసార్లు కారణం ప్రొపెల్లర్ వెనక చుట్టుకున్న నైలాన్ గాలం తీగే, అది సీలును కోసేస్తుంది. స్క్రూకు అంటిన మెత్తటి బూడిదరంగు పేస్టు మామూలే, చేతికి గుచ్చుకునే ముక్కలుంటే గేరు పోతున్నట్టు. ఈ రెండు సందర్భాల్లోనూ గేర్ కేస్ లోపల చెయ్యి పెట్టకండి. బేరింగులు, షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రింగులు), గేర్ల మధ్య ఖాళీ సరిచూసే పని మెకానిక్‌దే. కానీ మోటారు మొత్తం ఆటోలో ఎక్కించనక్కర్లేదు, విప్పిన లోయర్ యూనిట్‌ను గోనెసంచిలో చుట్టి తీసుకెళ్తే అతనికీ పని తేలిక, బోల్టులు బిగించేది కూడా మీరే అవుతారు. లోపల రిపేరు ఉన్నప్పుడు నేను చెప్పేది ఈ దారే. లేనప్పుడు అన్నీ సొంతంగానే.

ఇక ఎప్పుడు? ఏప్రిల్ కాదంటాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు అడయారు, కొసస్తలై, ఆరణి నదులు బురద తెచ్చి ముఖద్వారాల్లో పోస్తాయి. ఆ నీళ్లలో తిరిగిన ఇంపెల్లర్ ఎలా ఉందో ఏప్రిల్ దాకా ఆగి చూడటం దేనికి? జనవరిలో, ఎండ ముదరకముందే విప్పేయండి. అప్పుడు మెకానిక్కులకూ తీరిక ఉంటుంది, మీకు ఏ బోల్టు దగ్గరైనా సాయం కావాలంటే ఆ రోజే దొరుకుతారు. చెన్నై ప్యారీస్ కార్నర్ బజారు వైపు వెళ్లినప్పుడు డ్రెయిన్ స్క్రూల వాషర్లు రెండు జతలు కొని ఉంచుకోండి, పాతవి మళ్లీ వేయకూడదు.

పాత మోటారు కొంటున్నవాళ్లకు ఒక మాట. స్టార్ట్ అయిందా, శబ్దం ఎలా ఉందీ అని చూసి బేరం కుదుర్చుకోకండి. సాకెట్ జేబులో పెట్టుకెళ్లి, యజమాని ఎదుటే, ఆయన ఒప్పుకుంటేనే, లోయర్ యూనిట్ బోల్టు ఒక్కటి కదిపి చూడండి. కదిలితే ఆ మోటారును ఎవరో ఏటా విప్పి చూసుకున్నట్టు. కదలకపోతే, విరిగే బోల్టుల ఖర్చు ధరలోంచి తగ్గించి అడగండి.