ఆప్షన్లు పెట్టేముందు మూడు క్యాంపస్‌లు తిరిగొచ్చాం

పీజీ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్‌లో అమ్మాయికి ర్యాంకు వచ్చాక మా ఇంట్లో వారం రోజులు ఒకటే చర్చ. 2021 నుంచి యూనివర్సిటీలన్నిటికీ కలిపి ఒకే పరీక్ష కదా, ఇక తేల్చుకోవాల్సింది వెబ్ ఆప్షన్ల వరస, అంటే ఏ యూనివర్సిటీ, ఏ కోర్సు ముందు కావాలో ఆన్‌లైన్‌లో పెట్టే క్రమం. అమ్మాయి డిగ్రీలో బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ). ఎమ్మెస్సీ జువాలజీయా, బోటనీయా అన్నది కూడా తేలలేదు. "ఫోన్‌లో ఫొటోలు చూసి ఎలా పెడతాం నాన్నా, ఒకసారి వెళ్లి చూద్దాం" అంది. నాలుగు రోజులు సెలవు పెట్టి ఒంగోలు నుంచి బయల్దేరాం.

మొదట ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం. విజయవాడ బస్సెక్కితే గుంటూరు దాటాక హైవే మీద గేటు ముందే దిగొచ్చు. రైల్లో వచ్చేవాళ్లకు నంబూరు స్టేషన్ దగ్గర. గుంటూరులో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటర్‌గా మొదలై 1976లో విడి విశ్వవిద్యాలయమైంది. ఇక్కడ జువాలజీ, ఆక్వాకల్చర్ ఒకే విభాగం. కైకలూరు, భీమవరం చెరువులు దగ్గరే కాబట్టి ఆ చదువుకు పని దొరుకుతుందన్న ధైర్యం నాకు కలిగింది. ఇంటికి సాయంత్రం బస్సెక్కితే రాత్రి భోజనానికి వచ్చేస్తుంది. నా మనసు అక్కడే ఆగిపోయింది.

ఆ రాత్రి విజయవాడలో ఒక లాడ్జి. ఆన్‌లైన్‌లో చూపించిన అద్దె ఒకటి, కౌంటర్ దగ్గర అడిగింది ఒకటి. ఆడపిల్లతో రాత్రి తొమ్మిదింటికి ఇంకో చోటు వెతుక్కోలేక అడిగినంతా ఇచ్చాను. మీరు వెళ్తే గది బుక్ చేసినరోజే ఫోన్ చేసి అద్దె ఖాయం చేసుకోండి.

తెల్లారి రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగితే సిరిపురం ఆటోలో కాసేపే. ఆంధ్రా యూనివర్సిటీ 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు చేరింది. రెండో ప్రపంచయుద్ధంలో కొన్నాళ్లు గుంటూరుకు తరలింది కూడా. కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్లుగా పనిచేసిన చోటు. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గణితం చదివింది ఇక్కడే. ఆ పాత భవనాల మధ్య నడుస్తుంటే నాకు ఒళ్లు పులకరించింది. అమ్మాయి మాత్రం చరిత్రకు కాదు, మెరైన్ లివింగ్ రిసోర్సెస్ విభాగం బోర్డు ముందు ఆగింది. సముద్రం నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. ఫిషింగ్ హార్బర్ ఊళ్లోనే. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థల ప్రాంతీయ కేంద్రాలూ ఇక్కడున్నాయి. జువాలజీ చదివే పిల్లకు ఇంతకంటే పెద్ద ల్యాబ్ ఎక్కడ దొరుకుతుంది? ఖర్చు సంగతీ చెప్పాలి. క్యాంపస్ నగరం నడిబొడ్డున ఉండటంతో హాస్టల్ దొరక్కపోతే బయట పేయింగ్ గెస్టుగా ఉండటం మాలాంటి వాళ్లకు బరువే.

విశాఖలో తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారుజామున తిరుపతి. స్టేషన్ ఎదురుగానే ఉన్న టీటీడీ విష్ణు నివాసంలో ముందే గది తీసుకున్నాం. శుభ్రంగా ఉంది, ఈ ప్రయాణంలో హాయిగా పడుకున్నది అక్కడే. 1954లో మొదలైన శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం కొండ పాదాల దగ్గర, చెట్ల నీడలో విశాలంగా ఉంది. శేషాచలం అడవులు ఎదురుగానే. ఎర్రచందనం, ఈ కొండల్లోనే పెరిగే సైకస్ బెడ్డోమి అనే మొక్క అంటూ అమ్మాయి నాకు బోటనీ పాఠం చెప్పింది. బోటనీయే చదవాలనుకునేవాళ్లు మరో ఆలోచన లేకుండా తిరుపతి చూడండి. 1983లో వచ్చిన పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం కూడా ఈ ఊళ్లోనే ఉంది. ఆడపిల్లల తల్లిదండ్రులు అదీ చూడాలి.

లోకల్ లెక్క తగిలింది మాత్రం తిరుపతిలోనే. 85 శాతం సీట్లు లోకల్ వాళ్లవి, అంటే ఆ యూనివర్సిటీ పరిధిలోని జిల్లాల వాళ్లవి. మా ప్రకాశం జిల్లా ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలోకి వస్తుంది. మా పక్కనున్న నెల్లూరు వాళ్లు ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం) లోకల్. అంటే ఒంగోలు నుంచి రైల్లో 250 కిలోమీటర్లున్న తిరుపతిలో మేం నాన్ లోకల్, 490 కిలోమీటర్లున్న విశాఖలో లోకల్! మిగతా 15 శాతంలోనే మా పిల్ల పోటీ పడాలి. ఈ సంగతి ఇంట్లోనే చూసుకుని ఉంటే ఆప్షన్ల మీద అంత తర్జనభర్జన ఉండేది కాదు. అయినా ఆ అడవి చూసొచ్చినందుకు నాకు బాధ లేదు.

హాస్టళ్ల లోపలికి నేను వెళ్లలేను కదా, అమ్మాయే సీనియర్లను బతిమాలి చూసొచ్చింది. గదులకంటే ముందు నీళ్లు ఎన్ని గంటలు వస్తాయో, రాత్రి గేటు ఎప్పుడు మూస్తారో, మెస్ బిల్లు నెలకు ఎంత పడుతుందో అడిగింది. ఆఫీసుల్లో దొరకని సమాధానాలు ఆ సీనియర్లే ఇచ్చారు. అందుకే సెలవు రోజుల్లో వెళ్లకండి, క్లాసులు జరిగే రోజునే వెళ్లండి.

నేను నాగార్జున మొదట పెట్టమన్నాను. వాళ్లమ్మ కూడా దగ్గరే మేలంది. అమ్మాయి విశాఖ జువాలజీ మొదట, నాగార్జున రెండోది, తిరుపతి బోటనీ మూడోది పెట్టి, సబ్మిట్ నొక్కే ముందు ఒకసారి నా వంక చూసింది. "కానీ అమ్మా" అన్నాను.