రిసెప్షన్ టేబుళ్ల మీద పూలు: నీళ్లలో వదలాలా, ఫోమ్‌లో గుచ్చాలా?

ఇంట్లోవాళ్లే చేసుకునేట్టయితే నా ఓటు ఇత్తడి ఉర్లీకే, అంటే నీళ్లు పోసి పూలు తేలించే వెడల్పాటి గిన్నెకే. తెల్లారకముందే హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి వెళ్లి బంతి, చామంతి, విడి గులాబీలు కిలోల లెక్కన తెచ్చుకుంటే చాలు, కాడ పొట్టిదైనా రేకు కాస్త నలిగినా ఎవరికీ తెలియదు, పిల్లల చేత కూడా నీళ్ల మీద వరసగా పేర్పించొచ్చు. కాకపోతే నిండా నీళ్లున్నదాన్ని మోయలేం, టేబుల్ మీద పెట్టాకే నీళ్లు పోయాలి.

ఫోమ్‌లో, అంటే నీళ్లు పీల్చుకునే స్పాంజి లాంటి దిమ్మెలో, గుచ్చిన జెర్బెరాలు, కార్నేషన్లు ఫొటోల్లో బాగుంటాయి, ఒప్పుకుంటాను. కానీ పని ఎక్కువ. ఫోమ్ ముక్కని నీళ్లలోకి నొక్కకూడదు, నొక్కితే లోపల పొడిగా ఉండిపోయి సాయంత్రానికి పూలు తలలు వాల్చేస్తాయి. దానంతట అదే మునిగేదాకా వదిలేయాలి. కాడ ఏటవాలుగా కోసి ఒక్కసారే గుచ్చాలి, తీసి మళ్లీ గుచ్చితే వదులైపోతుంది. మా ఇంట్లో మరీ పొడుగ్గా పెట్టేసరికి ఎదురుగా కూర్చున్న పెదనాన్న మొహమే కనపడలేదు! పైగా ఆ ఫోమ్ మట్టిలో కలవదు.

ఫోమ్‌తో ఉన్న సుఖమల్లా ముందు రోజు రాత్రే చేసిపెట్టుకోవచ్చు. ఉర్లీలో పూలు గంటా రెండు గంటల ముందు వదిలితేనే బాగుంటాయి, సరిగ్గా అప్పుడే అందరూ చీరలు కట్టుకుంటూ ఉంటారు.