రింగులు విప్పుకునే కార్డుల ఆల్బమ్: చాలా ఏళ్ళ వాడకం తరువాత

క్రికెట్ కార్డులు దాచుకునేవారి మధ్య ఇప్పుడు రింగుల ఆల్బమ్ పేరెత్తితే వద్దనేవారే ఎక్కువ. రింగు ఒత్తిడికి కార్డు మీద నొక్కు పడుతుందని, వెన్ను పక్కన ఉండే నిలువు వరుస పాడవుతుందని, పేజీలను వెన్నుకే అతికించిన రింగులేని ఆల్బమ్ తప్ప మరొకటి కొనకూడదని కొత్తవారికి అందరూ ఒకే సలహా ఇస్తున్నారు. సన్‌రైజర్స్ ఐపీఎల్ గెలిచిన 2016 వేసవిలో నేను కొన్న మూడు రింగుల ఆల్బమ్ ఇప్పటికీ మా ఇంట్లో వాడుకలోనే ఉంది. ఆ సలహాలో నిజం ఉందని ఇన్నేళ్ళ వాడకం తరువాత నేనూ ఒప్పుకుంటాను. అయినా ఈ ఆల్బమ్‌లో నాకు అన్నిటికంటే నచ్చినది ఏమిటని అడిగితే, ఆ రింగులేనని, అవి విప్పుకోవడమేనని చెబుతాను. ఈ సమీక్ష దాదాపుగా ఆ ఒక్క విషయం గురించే.

పేజీకి తొమ్మిది జేబులు, రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల ఎత్తు ఉన్న కార్డుల కొలత, చుట్టూ జిప్పు వంటివి అందరికీ తెలిసినవే కనుక వాటిని వదిలేస్తున్నాను. ప్లాస్టిక్ గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. దీనికి ముందు నా దగ్గర ఉన్నది ఫోటోల కోసం తయారైన పీవీసీ పేజీల ఆల్బమ్. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనాలు కాలం గడిచేకొద్దీ బయటికి ఊరి, కార్డు ముఖానికి జిడ్డుగా అంటుకుంటాయి. మా ఊరి ఏప్రిల్, మే నెలల ఎండలో ఆ పని మరింత వేగంగా జరుగుతుంది. చిన్ననాడు బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెటర్ల బొమ్మలు కొన్ని నాకు అలాగే పోయాయి. ఇప్పటి ఆల్బమ్ పేజీలు అలాంటి రసాయనాలు కలపని పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌వి. ఇన్ని వేసవులు గడిచినా ఒక్క కార్డు కూడా పేజీకి అంటుకోలేదు. కొత్తగా ఏ ఆల్బమ్ కొన్నా, రింగులు ఉన్నా లేకపోయినా, మొదట చూడవలసినది పేజీ ఏ ప్లాస్టిక్‌తో చేశారన్నదే.

రింగుల సుఖం నాకు మొదట తెలిసింది ఐపీఎల్ వేలాల వల్ల. జట్లవారీగా కార్డులు అమర్చుకునేవాడికి ప్రతి పెద్ద వేలమూ ఇల్లు మారినంత పని పెడుతుంది. సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిన కెప్టెన్ వార్నర్ 2022లో ఢిల్లీకి వెళ్ళాడు. మన సిరాజ్ 2017లో సన్‌రైజర్స్‌కు ఆడి, 2018 నుంచి బెంగళూరుకు, 2025లో గుజరాత్‌కు ఆడాడు. మరో హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మను 2022లో ముంబయి తీసుకుంది. నేను జట్ల వరుసను పక్కన పెట్టి, హైదరాబాద్ ఆటగాళ్ళు ఏ జట్టులో ఉన్నా సరే, వారందరికీ వేరే పేజీలు పెట్టుకున్నాను. అజహరుద్దీన్, లక్ష్మణ్, మిథాలీ రాజ్, సిరాజ్ ఒకరి తరువాత ఒకరుగా వచ్చే ఆ పేజీలు నా ఆల్బమ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి. వాటి మధ్యలో కొత్త పేజీ చేర్చాలన్నా, ఒకటి తీసి వెనక్కి పంపాలన్నా రింగులు తెరిస్తే నిమిషంలో అవుతుంది. అతికించిన ఆల్బమ్‌లో అదే పనికి పదుల కొద్దీ కార్డులను ఒక్కొక్కటిగా జేబుల్లోంచి తీసి ముందుకు జరపాలి, అలా తీసి పెట్టిన ప్రతిసారీ మూలలు అరుగుతాయి. అంచులు కాపాడుకోవడానికే ఆ ఆల్బమ్ కొనేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇంతవరకు చెప్పినది సౌకర్యం మాత్రమే. రింగుల అసలు విలువ నాకు వరదలో తెలిసింది. 2023 జూలై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అదే వానకు ఇక్కడ వరంగల్, హన్మకొండల్లోనూ నాలాలు పొంగి హంటర్ రోడ్డు వైపు కాలనీలు మునిగాయి. మా ఇల్లు అటువైపే, అదీ కింది అంతస్తు. నీళ్ళు గడప దాటినప్పుడు ఇంటిల్లిపాదీ బియ్యం, పరుపులు, పిల్లల సర్టిఫికెట్లు పై అంతస్తుకు మోయడంలో ఉన్నాము. చివరికి పుస్తకాల అల్మారా వరకు వచ్చేసరికి, కింది అరలో నిలబెట్టిన ఆల్బమ్ జానెడు నీళ్ళలో ఉంది. జిప్పు పూర్తిగా వేసే ఉన్నా, జిప్పు పళ్ళ సందుల్లోంచి నీరు లోపలికి చేరింది. దుమ్మును ఆపినంత బాగా జిప్పు నీటిని ఆపలేదు.

ఆల్బమ్ నిలబెట్టి ఉండడం వల్ల, నీరు తగిలిన ప్రతి పేజీలోనూ కింది వరుస మూడు జేబులు బాగా తడిశాయి, మధ్య వరుస అక్కడక్కడ చెమ్మగిల్లింది, పై వరుస పొడిగా మిగిలింది. అప్పుడు కాలంతో పందెం మొదలైంది. నునుపు పూత ఉన్న కాగితం తడిస్తే ఆ పూత మెత్తబడి జిగురులా మారుతుంది. ప్లాస్టిక్‌కు ఆనుకుని అలాగే ఆరితే అతుక్కుపోతుంది, ఆ తరువాత లాగితే బొమ్మ ప్లాస్టిక్ మీదికి ఊడి వస్తుంది. కాబట్టి తడిగా ఉన్నప్పుడే ప్రతి కార్డునూ బయటికి తీయాలి. ఒకటి రెండు రోజులు దాటితే బూజు కూడా మొదలవుతుంది. కరెంటు లేదు, ఫ్యాను లేదు, బయట వాన ఆగలేదు.

పై అంతస్తువారు ఇచ్చిన గదిలో నేల మీద దుప్పటి పరిచి, నేను రింగులు తెరిచి పేజీలన్నిటినీ విడదీశాను. ఒక్క కట్టగా ఉన్న ఆల్బమ్ రెండు నిమిషాల్లో విడి పేజీలుగా మారింది. పొడి పేజీలను పైకి ఎత్తి పెట్టాము, తడిసిన వాటిని ఇంటివాళ్ళందరం తలా కొన్ని తీసుకుని కూర్చున్నాము. ఒకే ఆల్బమ్ మీద నలుగురు ఒకేసారి పని చేయగలగడం రింగులు విప్పుకోవడం వల్లనే సాధ్యమైంది. జేబులు పక్కకు తెరుచుకునేవి. తడికి ఉబ్బిన కార్డు అందులోంచి జారి రానప్పుడు బ్లేడుతో జేబును కోసి తీశాము. పేజీ పోతే పోయింది, కొత్త పేజీలు దొరుకుతాయి, అవి అవే రింగులకు తగులుతాయి. తీసిన కార్డులను నూలు గుడ్డ మీద పరిచి, పై తడి పోయాక తెల్ల కాగితాల మధ్య పెట్టి లావు పుస్తకాలు బరువు పెట్టాము. వార్తాపత్రిక కాగితం వాడితే అచ్చు సిరా కార్డుకు అంటుతుంది కనుక దానిని దగ్గరికి రానివ్వలేదు. కాగితాలు మార్చే పని మా అమ్మాయి రాత్రంతా శ్రద్ధగా చేసింది.

మామూలు అట్ట కార్డులు చాలావరకు కోలుకున్నాయి. దగ్గరగా చూస్తే కొంచెం అలలు కనిపిస్తాయి, అంతే. మెరుపు రేకు పూత ఉన్నవి కోలుకోలేదు. వాటిలో ఒక వైపు తడి పీల్చని పొర, మరో వైపు తడి పీల్చే అట్ట ఉంటాయి. తడికి అట్ట సాగుతుంది, పొర సాగదు, దాంతో కార్డు విల్లులా వంగి చివరికి పొరలు విడిపోతాయి. వరద లేకపోయినా మామూలు వానాకాలపు చెమ్మకే ఇవి వంగుతాయని వీటిని దాచుకునేవారందరికీ అనుభవమే. ఈ నష్టంలో ఆల్బమ్ దోషం లేదు.

మా పక్క వీధిలోని మిత్రుని దగ్గర ఉన్నది నా దానికంటే ఖరీదైన, మెత్తటి అట్టల, రింగులేని ఆల్బమ్. ఆయన ఇంట్లోకీ దాదాపు అంతే నీరు వచ్చింది. ఆయన కూడా నాలాగే వెంటనే తెరిచి, పేజీలను విసనకర్రలా విప్పి నిలబెట్టారు. కానీ పేజీలు వెన్ను దగ్గర కలిసే చోటికి గాలి చేరలేదు, అట్టల్లోని స్పాంజి పీల్చిన నీరు రోజుల తరబడి లోపలికే దిగింది. ఆ వరుసల్లో బూజు పట్టింది. పేజీలు కోసేద్దామంటే మంచి కార్డులకు కూడా చోటు లేకుండా పోతుందని ఆయన తటపటాయించారు. నొక్కు పడకూడదని కొన్న ఆల్బమ్‌లో, నొక్కు ఒక్కటీ లేకుండా, కార్డులు నిలువునా పోవడం నా కళ్ళతో చూశాను.

మరి రింగులకు ఇంత చెడ్డపేరు ఎందుకు వచ్చింది? దానికి కారణం రింగుల్లో వచ్చిన మార్పు కాదు, కార్డులు దాచుకునే అభిరుచిలో వచ్చిన మార్పు. అమెరికాలో 1991లో మొదలైన పీఎస్ఏ వంటి సంస్థలు కార్డు మూలలు, అంచులు, ముఖం, బొమ్మ నడిమధ్యన ఉందా లేదా అన్నవి చూసి 1 నుంచి 10 వరకు గ్రేడు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇస్తాయి. 10కి, 9కి మధ్య ధరలో చాలా తేడా ఉంటుంది, ఆ తేడా కంటికి సరిగా ఆనని ఒక నొక్కు వల్ల రావచ్చు. కరోనా కాలంలో ఈ గిరాకీ ఎంత పెరిగిందంటే, వచ్చి పడిన కార్డులను చూడలేక 2021 మార్చిలో పీఎస్ఏ చాలా రకాల సేవలను కొంతకాలం నిలిపివేసింది. టాప్స్ అనే అమెరికా కార్డుల కంపెనీ 1952లో అచ్చువేసిన, బేస్‌బాల్ ఆటగాడు మిక్కీ మాంటిల్ కార్డు 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. దాని గ్రేడు 9.5. అదే ఏడు జనవరిలో టాప్స్ కార్డుల వ్యాపారాన్ని ఫనాటిక్స్ అనే అమెరికా క్రీడా సరుకుల కంపెనీ కొనేసింది. కార్డులు నింపి అమ్మే పెట్టెలు కూడా మారాయి. సెట్టు పూర్తి చేసుకోవడం కోసం కాకుండా, సంతకం ఉన్నదో, వెనక వరుస సంఖ్య వేసినదో ఒక్క కార్డు తగలడం కోసం జనం వాటిని కొంటున్నారు. తగిలిన ఒక్కటి ప్లాస్టిక్ పెట్టెలోకి పోతుంది, మిగిలినవాటికి ఆల్బమ్ ఎందుకన్న భావన ఏర్పడింది.

మా మేనల్లుడు ఈ కొత్త తరం వాడు. కార్డులు కొంటాడు, అమ్ముతాడు, లెక్క రాసుకుంటాడు. నా ఆల్బమ్ చూసి, "మామా, రింగులది ఇప్పుడెవరు వాడుతున్నరు? మూల కొంచెం పోయిందంటే గ్రేడ్ పోయినట్టే గదా" అంటాడు. వాడి లెక్కలో వాడిది సరైన మాటే. వాడికి కార్డు పది మంది చేతులు మారబోయే సరుకు. నా కార్డులు మాత్రం నా ఇల్లు దాటి వెళ్ళవు. పిల్లలు వచ్చినప్పుడు జేబులోంచి తీసి చేతికి ఇస్తాను, వెనక్కి తిప్పి పరుగులు, వికెట్లు చదువుకుంటారు, మళ్ళీ జేబులో పెడతాను. మూసిన పెట్టెలో ఉన్న కార్డుతో అది జరగదు. ఈ అభిరుచి ధరల చుట్టూ తిరగడం మొదలయ్యాక, చూసుకోవడానికీ చూపించుకోవడానికీ పనికివచ్చే వస్తువులను ఒక్కొక్కటిగా లోపమున్న వస్తువులుగా లెక్కించడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇక లోపాల సంగతి. వెన్ను పక్కన ఉండే నిలువు వరుసలో కొన్ని కార్డులకు అర్ధచంద్రాకారపు నొక్కు నిజంగానే పడింది. నా ఆల్బమ్ రింగులు గుండ్రటివి కావడం, పేజీలు వాటి సామర్థ్యానికి మించి నిండడం ఇందుకు కారణం. ఒక వైపు తిన్నగా ఉండే డి ఆకారపు రింగుల్లో పేజీలు అంచు కలిసి చదునుగా కూర్చుంటాయి కనుక ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. ఆల్బమ్ కొత్తలో దీని రింగులు జీవితకాలం ఉంటాయని అడిగినవారందరికీ చెప్పాను. వరద తరువాత వాటికి తుప్పు మచ్చలు వచ్చాయి, మధ్య రింగు కొనలు సరిగా కలవక వెంట్రుకంత సందు వదులుతున్నాయి, పేజీ తిప్పేటప్పుడు రంధ్రం ఆ సందులో తట్టుకుంటున్నది. పక్కకు తెరుచుకునే జేబులు కార్డు జారిపోకుండా ఆపుతాయని కూడా పొగిడాను. అవి అంత బిగుతుగా ఉండడం వల్లే తడిసిన రోజున బ్లేడు పట్టవలసి వచ్చింది. ఇక జిప్పు తలను ఇప్పుడు నూనె పెట్టి లాగవలసి వస్తున్నది.

నా కార్డుల్లో దేనికీ పెద్ద ధర పలకదు. గ్రేడు వేయించడానికి విదేశానికి పంపితే రుసుము, పోస్టు, బీమా కలిసి కార్డు విలువను మించిపోతాయి. నేను కింది అంతస్తులో, నీళ్ళు వచ్చే వైపు ఉంటున్నాను. జట్లు మారినప్పుడల్లా పేజీలు మార్చే అలవాటు నాది. ఇవన్నీ కలిసి రింగుల వైపు మొగ్గుతున్నాయి. పై అంతస్తులో ఉంటూ, ఖరీదైన కార్డులు కొన్ని మాత్రమే దాచుకుని, ఏనాటికైనా అమ్మాలని అనుకునేవారికి నేను ఈ ఆల్బమ్ కొనమని చెప్పను. వారికి గట్టి ప్లాస్టిక్ తొడుగులు, మూతపెట్టె, అందులో చెమ్మ పీల్చే సిలికా పొట్లాలు ఎక్కువ మేలు చేస్తాయి. నాలాగా సెట్లు కూర్చుకునేవారు కొంటే మాత్రం డి రింగులది కొని, మూడు వంతులకు మించి నింపకుండా, వెన్ను పక్క వరుసలో తక్కువ ప్రియమైన కార్డులు పెట్టుకోవచ్చు. తుప్పు ముదిరితే నేను కొనబోయేది కూడా అదే. పేజీలు మాత్రం పాతవే అందులోకి మారతాయి, రంధ్రాల కొలత ఒకటేనని ఇప్పటికే సరిచూసుకున్నాను.