మూడుల్: బీకాం ఆన్‌లైన్ క్లాసుకు ఎంతవరకు పనికొస్తుంది?

అనంతపురంలో బీకాం పిల్లలకు కాస్ట్ అకౌంటింగ్ చెప్తాను. సిలబస్‌లో కొంత భాగం ఆన్‌లైన్‌లోనే నడుస్తుంది, దానికి పాఠాలు పెట్టడానికి, క్విజ్‌లు, చర్చలు నడపడానికి పనికొచ్చే మూడుల్ వాడుతున్నాం. మార్టిన్ డూగియామస్ తయారుచేసిన ఈ సాఫ్ట్‌వేర్ మొదటి వెర్షన్ 2002లో వచ్చింది. ఉచితం, ఏ కాలేజీ అయినా తన సర్వర్‌లో పెట్టుకోవచ్చు. చాలామంది ఇందులో పీడీఎఫ్‌లు, వీడియోలు పెట్టి ఆగిపోతారు. ఆ మాత్రం పని వాట్సాప్ గ్రూపుతో కూడా అవుతుంది. మూడుల్ అసలు విలువ పిల్లవాడి చేత ఏదో ఒక పని చేయించడంలో ఉంది.

నాకు బాగా నచ్చింది క్విజ్‌లోని 'కాలిక్యులేటెడ్' ప్రశ్న. అంకెల చోట గుర్తులు పెట్టి ఫార్ములా ఇస్తే, ఒక్కొక్కరికి వేర్వేరు అంకెలు వెళ్తాయి. నేను శనక్కాయ నూనె గానుగ లెక్క ఇస్తాను. ఒకరికి నెలకు ఫిక్స్‌డ్ కాస్ట్ (ఎంత అమ్మినా మారని ఖర్చు) 36,000, లీటరు అమ్మకం ధర 240, వేరియబుల్ కాస్ట్ (ఒక్కో లీటరుకు అయ్యే ఖర్చు) 180 వస్తే బ్రేక్ ఈవెన్, అంటే లాభం నష్టం రెండూ లేని అమ్మకం, 600 లీటర్లు. పక్కవాడికి 45,000, 250, 190 వస్తే 750 లీటర్లు. స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పడేస్తే జవాబు పనికిరాదు. ఫ్రెండును అడగాలంటే "ఎంతొచ్చింది?" అంటే సరిపోదు, "ఎట్లా చేసినావు?" అని అడగాల్సిందే. నాకు కావాల్సిందీ అదే.

దీనికి 'ఇంటరాక్టివ్' పద్ధతి జోడిస్తే తప్పు జవాబు దగ్గర మనం రాసిన సూచన కనిపిస్తుంది, మళ్లీ ప్రయత్నించవచ్చు, కొన్ని మార్కులు తగ్గుతాయి. "ముందు ఒక్కో లీటరు మీద ఎంత మిగులుతుందో తేల్చు" అన్నది నా మొదటి సూచన. ఈ సూచనలు రాయడానికి సమయం పెట్టండి. ఏ మెట్టు దగ్గర పిల్లలు తడబడతారో తెలిసిన టీచరే వాటిని రాయగలరు.

రెండోది ప్రశ్న-జవాబు రకం ఫోరం. తన జవాబు పెట్టేవరకు మిగతావాళ్లవి కనపడవు. పెట్టాక కూడా దిద్దుకునే గడువు, మామూలుగా 30 నిమిషాలు, అయ్యాకే తెరుచుకుంటాయి. మామూలు ఫోరంలో మొదటివాడు రాసినదానికి మిగతా అందరూ "ఐ అగ్రీ" పెట్టి వెళ్తారు. ఇక్కడ ఆ దారి లేదు. నేనడిగిన ప్రశ్న ఇది: ధర్మవరంలో మగ్గం మీద చీర నేస్తుంటే ఇంట్లో ఆడవాళ్లు కండెలు చుడతారు. వాళ్లకు కూలి ఇవ్వరు. చీర ఖర్చులో అది కలపాలా వద్దా? "ఇవ్వని డబ్బును ఎట్లా రాస్తాం మేడమ్" అని కొందరు రాశారు. నేత కుటుంబం నుంచి వచ్చిన ఒక అమ్మాయి, అమ్మకు కూలి లెక్కగడితే తమ చీర మీద లాభమే ఉండదని అంకెలతో చూపించింది. నోషనల్ కాస్ట్ (డబ్బు చేతి నుంచి పోకపోయినా లెక్కగట్టే ఖర్చు) అన్న పాఠం ఆ చర్చలో పిల్లలకు ఎక్కినంతగా నా స్లైడ్లలో ఎప్పుడూ ఎక్కలేదు.

'వర్క్‌షాప్' అనే యాక్టివిటీలో పిల్లలు ఒకరి పని ఒకరు దిద్దుతారు. సొంత పనికి 80, దిద్దినందుకు 20 అని మార్కులు ముందే పెట్టి ఉంటాయి, మార్చుకోవచ్చు. మంచిదే, కానీ ఐదు దశలు. ఒక్కరు గడువు దాటినా మనం వెంటపడాలి. సెమిస్టర్‌కు ఒక్కసారి చాలు.

ఇప్పుడు ఇబ్బందులు. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు పల్లెల పిల్లలకు సిగ్నల్ నిలకడగా ఉండదు. మొబైల్ యాప్‌లో పాఠం దించుకుని నెట్ లేకుండా చదవచ్చు, మనం అనుమతిస్తే క్విజ్ కూడా రాయవచ్చు. అయితే దానికి టైం లిమిట్ పెట్టకూడదు, ఫలితం చివర్లోనే చూపే పద్ధతి ఎంచుకోవాలి. అంటే నేను పైన మెచ్చుకున్న సూచనల క్విజ్ ఆఫ్‌లైన్‌లో కుదరదు. ఆ పిల్లలకు విడిగా ఇంకో క్విజ్ చేసి పెడుతున్నాను. ఈ లోటు నాకు నిజంగా బాధగా ఉంది, ఎవరికి సాయం ఎక్కువ అవసరమో వాళ్లకే అది అందడం లేదు.

సెట్టింగుల పేజీ చాలా పొడవు, కొత్తవాళ్లకు టెన్షనే. మేము సర్వర్ అద్దెకు తీసుకున్న కంపెనీ చవక ప్లాన్‌లో అందరూ ఒకేసారి క్విజ్ తెరిస్తే పేజీ తిరుగుతూనే ఉండేది. అందుకే గంటసేపు కాకుండా శుక్రవారం నుంచి ఆదివారం దాకా క్విజ్ తెరిచి ఉంచుతున్నాం. అంకెలు ఎవరివి వాళ్లవే కాబట్టి లీకేజీ భయం లేదు.

నా రేటింగ్ ఐదుకు నాలుగు. గుంతకల్లులోనో కదిరిలోనో కొత్తగా మొదలుపెట్టే లెక్చరర్లు ఒక్క చాప్టర్ తీసుకుని ఒక క్విజ్, ఒక ఫోరం చేసి చూడండి. ప్రిన్సిపాల్ గారితో ముందే మాట్లాడి ఆ తయారీ గంటలను వర్క్‌లోడ్‌లో రాయించుకోండి. ఒక మంచి క్విజ్‌కు నాకు క్లాసు చెప్పేదానికన్నా ఎక్కువ సమయం పడుతోంది.