డక్టులు క్లీన్ చేయించిన ఆరేళ్ళకు

మాది టెక్సస్‌లో ఫ్రిస్కో. 2006లో కట్టిన ఇంటిని 2017లో పాత ఓనర్ల దగ్గర కొన్నాం. పైకొకటి, కిందికొకటి చొప్పున రెండు ఏసీలు. ఇక్కడి చాలా ఇళ్ళలో లాగే డక్టులన్నీ, అంటే ఏసీ గాలిని గదులకు చేర్చే గొట్టాలన్నీ, ఆటిక్‌లోనే (పైకప్పు కింది ఖాళీలో) ఉంటాయి.

2019 వేసవిలో అమ్మ విజయవాడ నుంచి వచ్చింది. వచ్చిన మూడో రోజే టీవీ స్టాండు మీద వేలితో గీత గీసి, "కిటికీ ఒక్కటీ తీయరు కదరా, మరి ఈ దుమ్మంతా ఎక్కణ్ణుంచి వస్తోంది?" అంది. నా దగ్గర జవాబు లేదు. తలెత్తి చూస్తే బెడ్‌రూమ్‌లో చల్లగాలి వచ్చే వెంట్ చుట్టూ సీలింగ్ మీద బూడిద రంగు మరక. పైగా ఏసీ ఆన్ అయిన మొదటి రెండు నిమిషాలు తడిసిన కుక్క వాసన. మాకు కుక్క లేదు. పాత ఓనర్లకు రెండు ఉండేవట.

మొదట 99 డాలర్ల కూపన్ చూసి ఒకరిని పిలిచాను. వచ్చిన కుర్రాడు పది నిమిషాలు ఇల్లంతా తిరిగి, ఫోన్‌లో నల్లగా ఉన్న ఫొటో ఒకటి చూపించి, "ఇది మోల్డ్ (బూజు), పిల్లలకు ప్రమాదం, 1,800 అవుతుంది, ఇవాళే చేయించుకుంటే 1,500" అన్నాడు. ఏ వెంట్‌దో చూపించమంటే నిచ్చెన తీసుకురాలేదన్నాడు. మరి ఫొటో ఎలా తీశావయ్యా అని అమ్మ తెలుగులోనే నిలదీసింది. అతనికి ఏమర్థమైందో గానీ సామాను సర్దుకున్నాడు.

ఆ రాత్రి కూర్చుని ఈపీఏ (అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ) వాళ్ళ సమాచారమంతా చదివాను. ముందే చదవాల్సింది. డక్టులు శుభ్రం చేయిస్తే జబ్బులు రావని రుజువు కాలేదని, ఏడాదికోసారి అలవాటుగా చేయించక్కర్లేదని వాళ్ళే చెప్తారు. లోపల మోల్డ్ కళ్ళకు కనిపిస్తున్నా, ఎలుకలో పురుగులో చేరినా, దుమ్ము పేరుకుపోయి వెంట్లలోంచి గదిలో పడుతున్నా చేయించమంటారు. మోల్డ్ అని ఎవరైనా అంటే శాంపిల్ ల్యాబ్‌కి పంపితే గానీ ఖాయంగా తెలియదు. డక్టుల్లో వేడి చొరకుండా వేసే ఫైబర్‌గ్లాస్ ఇన్సులేషన్ తడిసి మోల్డ్ పట్టిందంటే దాన్ని తుడిచి లాభం లేదు, తీసేసి కొత్తది వేయాల్సిందే.

రెండోసారి నాడ్కా సభ్యత్వం ఉన్న వాళ్ళను పిలిచాను. నాడ్కా అంటే ఈ డక్ట్ క్లీనింగ్ చేసేవాళ్ళ సంఘం. రెండు సిస్టమ్‌లకు కలిపి 950 డాలర్లు. ఇద్దరొచ్చి అయిదు గంటలు పనిచేశారు. వెంట్లన్నీ ప్లాస్టిక్‌తో మూసి, మెయిన్ డక్టుకు చిన్న రంధ్రం చేసి, పెద్ద వాక్యూమ్ తగిలించారు. అది లాగుతుండగా ఒక్కొక్క వెంట్లోంచి గాలి కొట్టే గొట్టం దూర్చి దుమ్మును కదిలించారు. మావి ఫ్లెక్స్ డక్టులు (వంగే మెత్తటి గొట్టాలు), గట్టి బ్రష్ తోస్తే చిరిగిపోతాయని మెత్తటిదే వాడారు. బ్లోయర్ (గాలిని తోసే ఫ్యాను), కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) కూడా శుభ్రం చేశారు. అవి వదిలేసి డక్టులొక్కటే చేస్తామంటే ఒప్పుకోకండి. చివర్లో క్రిములు చావడానికి మందు కొడతామన్నారు, నేను వద్దన్నాను.

అన్నిటికంటే ఆశ్చర్యపోయింది కింది రిటర్న్ గ్రిల్ (గదిలోని గాలిని ఏసీ తిరిగి పీల్చుకునే చోట ఉండే జాలీ) విప్పినప్పుడు. ఫిల్టర్ వెనకాల గోడలోపల జిప్సం బోర్డు ముక్కలు, రంపపు పొట్టు, వంకర మేకులు, ఒక ఖాళీ కోక్ డబ్బా. ఇల్లు కట్టినవాళ్ళు వదిలేసిన చెత్త 13 ఏళ్ళుగా అక్కడే ఉంది. దాని మీద దుప్పటి కప్పినట్టు కుక్కల వెంట్రుకలు.

ఫలితం ఏమిటంటే, వాసన ఆ రోజే పోయింది, ఈ ఆరేళ్ళలో మళ్ళీ రాలేదు. ఈ ఒక్కదానికే 950 ఇచ్చానని అనుకున్నా నాకు బాధ లేదు. కరెంటు బిల్లులో తేడా ఏమీ కనిపించలేదు. పాప తుమ్ములు కొన్ని వారాలు తగ్గాయి, మేమూ సంబరపడ్డాం. తీరా డిసెంబర్‌లో ఇక్కడి సీడర్ చెట్ల పుప్పొడి మొదలవగానే ఎప్పటిలాగే ముక్కు పట్టుకుని కూర్చుంది. ఇక టీవీ స్టాండు మీద దుమ్ము నెల తిరక్కుండా మళ్ళీ చేరింది.

అమ్మ ప్రశ్నకు అసలు జవాబు ఆ పనివాళ్ళలో పెద్దాయన వెళ్తూ వెళ్తూ చూపించాడు. ఆటిక్‌లో రిటర్న్ బాక్స్ అతుకు దగ్గర వేలు పట్టేంత సందు ఉంది. ఏసీ నడిచినంతసేపూ ఆటిక్ దుమ్మును, ఇన్సులేషన్ పొడిని అదే లోపలికి పీలుస్తోంది. సందులు పూడ్చే ముద్ద, మాస్టిక్, ఒక డబ్బా తెచ్చి, పొద్దున్నే ఎండ ఎక్కకముందు పైకెక్కి నేనే పూశాను. దుమ్ము తగ్గిందంటే దాని వల్లే. సీలింగ్ మీద మరక తుడిస్తే మళ్ళీ పట్టలేదు.

ఫిల్టర్ విషయంలో నేను అతితెలివికి పోయాను. మంచిదే వేద్దామని ఒక అంగుళం మందం ఉన్న మెర్వ్ 13 (మెర్వ్ అంకె పెరిగేకొద్దీ ఫిల్టర్ మరింత సన్నటి దుమ్మును పడుతుంది) వేసి, మార్చడం మర్చిపోయాను. 2020 జూలైలో గాలి సరిగ్గా ఆడక కాయిల్ మీద మంచు కట్టింది, 104 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో ఒక రోజంతా ఏసీ లేదు. ఇప్పుడు మెర్వ్ 8 వేసి, రెండు నెలలకోసారి తప్పకుండా మారుస్తున్నాం. వంటింటి వైపు ఫిల్టర్ మాత్రం ఇంకా ముందే పసుపుపచ్చగా, జిడ్డుగా అయిపోతుంది. మా పొయ్యి మీది మైక్రోవేవ్ పొగను బయటికి పంపదు, తిప్పి మళ్ళీ ఇంట్లోకే వదులుతుంది. పోపు ఘాటంతా ఆ ఫిల్టర్‌కే. తీసి వాసన చూస్తే ఇంగువ!

2022లో కింద కార్పెట్ పీకించి చెక్క ఫ్లోర్ వేయించాం. కోత మొదలుపెట్టే ముందు రంపపు పొట్టు డక్టుల్లోకి పోకుండా వెంట్లకు, రిటర్న్‌కు ప్లాస్టిక్ అంటించి ఏసీ ఆపేశాను. పనివాళ్ళు ఉక్కపోతకు సణిగారు. పాపం, ఫ్యాన్లు తెచ్చి పెట్టాను గానీ ఏసీ మాత్రం వేయలేదు.

మొన్న మార్చిలో ఒక వెంట్ విప్పి, ఫోన్ లోపలికి పెట్టి వీడియో తీశాను. పల్చటి దుమ్ము పొర తప్ప ఏమీ లేదు. ఈ ఏడాదీ డక్టుల వాళ్ళను పిలవడం లేదు. బట్టలు ఆరబెట్టే డ్రైయర్ వెంట్‌ను మాత్రం ఏటా శుభ్రం చేస్తున్నాం. అందులో లింట్ (బట్టల నూగు) పేరుకుంటే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. క్రితంసారి గొట్టంలోంచి లాగితే చిన్న దిండుకి సరిపడా వచ్చింది.