బల్లార్షాలో దొరికిన గ్లెన్‌లివెట్ 12 ఎట్లుందంటే

గ్లెన్‌లివెట్ 12 అంటే పన్నెండేండ్లు పీపాలల్ల ఊరిన స్కాచ్ విస్కీ. ముందే చెప్తున్న, నా దిక్కు నుంచి ఐదు స్టార్లల్ల నాలుగున్నర. ఆ అర కట్ చేసింది రేటు చూసి, రుచిల వంక లేదు.

మూత తీయంగనే ఘాటు ముక్కుకు కొట్టదు, బాగ పండిన అనాసపండు వాసన, దాని వెనుక వెనీలా, కొంచెం తేనె. గుటకేస్తే మంట లేదు, తియ్యగ దిగి చివర్ల చెక్క వగరు నాలిక మీద కాసేపు ఉంటది. నాలుగు చుక్కల నీళ్లు పోస్తే ఇంకా మంచిగయితది. కోక్‌ల కలిపి తాగేటోళ్లు మాత్రం ఇంత పైస పెట్టకుండ్రి, దానికి చౌక మాల్ చాలు. మా మామది గడ్చిరోలి జిల్లా సిరొంచ దిక్కు, ఇప్పసారా మంచిచెడ్డ తెలిసిన మనిషి, నిప్పుల మీద చుక్క ఏసి నీలి మంట చూసి ఎంత ఘాటో చెప్పేటోడు. ఇంటికొస్తే ఒక పెగ్గు పోసి ఎట్లుంది మామా అని అడిగిన. "మంట లేదురా, కాచినోడు తొందరపడలే" అన్నడు.

ఆ తొందరపడకపోవుడు ఎక్కడికెళ్లి వచ్చిందో తెలిస్తే ఈ సీసా మీద గౌరవం పెరుగుతది. స్కాట్లాండ్‌ల లివెట్ అని ఒక ఏరు, ఆ ఏటి లోయ నిండ ఒకప్పుడు దొంగబట్టీలే. 1725ల మాల్ట్ (విస్కీ కాచేటందుకు మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) మీద పన్ను పెంచితే గ్లాస్గోల జనం తిరగబడ్డరు. 1786 నుంచి లోలాండ్స్ (స్కాట్లాండ్ దక్షిణపు పల్లపు సీమ) దిక్కు బట్టీ ఎంత పెద్దగుంటే అంత పన్ను అన్నరు, ఇగ లైసెన్స్ ఉన్నోళ్లు లోతు తక్కువ బట్టీలు పెట్టి నిమిషాల లెక్కన గబగబ మరిగించి తీసుడు మొదలుపెట్టిన్రు, సరుకు నోట్ల పెట్టేటట్టు లేకుండె. కొండలల్ల దొంగచాటుగ కాచేటోళ్లేమో పన్ను కట్టని బార్లీ మాల్ట్ తోని చిన్న బట్టీల నిదానంగ కాచేది, గదే రుచి. పొగ లేస్తే ఎక్సైజోళ్లకు కనపడతదని పొగ తక్కువొచ్చే జూనిపర్ కట్టె పెట్టేది. బట్టీల ఖరీదైన వస్తువు చుట్టలు తిరిగిన రాగి గొట్టం, అది అరిగిపోతే తమ బట్టీ జాడ తామే సర్కారుకు చెప్పి 5 పౌండ్ల ఇనాం తీసుకొని కొత్త గొట్టం కొనుక్కునేటోళ్లట. ఇది చదివినప్పుడల్లా నాకు వాళ్ల తెలివి మీద ముచ్చటేస్తది. 1822ల నాలుగో జార్జ్ రాజు ఎడిన్‌బరో వస్తే గ్లెన్‌లివెట్ సరుకే కావాలన్నడని ఒక దొర బిడ్డ రాసిపెట్టింది, అప్పటికి ఆ సరుకు అంతా దొంగమాలే!

1823ల చట్టం మార్చిన్రు, పన్ను సగానికి పైన తగ్గించి ఏడాదికి 10 పౌండ్లకే లైసెన్స్ అన్నరు. ఆ తెల్లారి ఏడాది జార్జ్ స్మిత్ అనే రైతు ఆ లోయల అందరికంటే ముందు లైసెన్స్ తీసుకున్నడు. చుట్టుపక్కల దొంగబట్టీలోళ్లు నిన్నూ నీ బట్టీనీ తగలబెడతం అని బెదిరిస్తే నడుముకు రెండు పిస్తోళ్లు పెట్టుకొని తిరిగిండు. ఈ గ్లెన్‌లివెట్ ఆయన పెట్టిందే. అప్పట్ల స్కాట్లాండ్‌ల ఏడాదికి 14,000 దొంగబట్టీలు పట్టుకునేది, 1834కు 692కు దిగింది, 1874ల ఆరే.

మహారాష్ట్రల మన బల్లార్షా ఉన్న చంద్రాపూర్ జిల్లాల 2015 నుంచి 2021 దాక మందు బంద్ ఉండె, గుర్తుంది గదా. అవతలి తెలంగాణ నుంచి సంచులల్ల, బైకు డిక్కీలల్ల వచ్చేది, పెద్ద బ్రాండ్ సీసాల ఏం పోసి అమ్ముతున్నరో ఎవ్వనికి తెల్వది, మా లైన్‌ల ఒకాయన గసుంటిదే తాగి మూడు రోజులు మంచం మీదికెళ్లి లేవలేదు, ఇంటామె ఏడుపు ఇప్పటికీ చెవులల్ల ఉన్నది. 2021 మేల బంద్ ఎత్తేసిన్రు, అదే నవంబర్‌ల మహారాష్ట్ర సర్కారు బయటి స్కాచ్ మీద ఎక్సైజ్ 300 శాతం నుంచి 150కి తగ్గించింది. అందుకే ఇయ్యాల ఇది మన ఊరి దుకాణంల బిల్లు తోని దొరుకుతున్నది. పన్ను మనిషి కట్టేటట్టు ఉండాలె, అప్పుడే సరుకు శుద్ధంగ ఉంటది, నేనైతే గదే నమ్ముత. మన ఇప్పసారాకు గూడ ఎవరన్న గట్లనే లైసెన్స్ దారి చూపెడితే బాగుండు, అడవి ఊర్ల ఆడోళ్లు పొద్దుగాల ఏరుకొచ్చే పువ్వు అది, గుడుంబా తోని ఒక్క కట్ట కట్టుడు అన్యాయం.

కొనేటప్పుడు సీల్ చూసుకోండ్రి, ఎక్సైజ్ స్టిక్కర్ చూసుకోండ్రి, బిల్లు అడగుండ్రి. పొగ వాసన మందు ఇష్టమయ్యేటోళ్లకు ఇది నచ్చకపోవచ్చు, ఇది పండ్ల రుచిది. ఇంకోటి, సిరొంచ చుట్టాలకు ఒక సీసా పట్టుకపోదాం అనుకునేరు, గడ్చిరోలి జిల్లా 1993 నుంచి బందే, దొరికితే కేసు అయితది, వాళ్లనే ఇంటికి పిలువుండ్రి.